పేరు రాయని చీటీలు

ఆదివారం మధ్యాహ్నం ఆస్ట్రేలియాలోని టూవూంబా తెలుగువాళ్ళ బార్బెక్యూలో శ్యామసుందరి ఆంటీ మైకు పట్టుకుని టాంబోలా నంబర్లు చదవడం మొదలుపెట్టింది. పులిహోర ప్లేటుతో కుర్చీ వెతుక్కుంటున్న నరసింహ ఆ గొంతు విని కొయ్యబారిపోయాడు. అక్కడ ఆపాం కిందటి వారం. మూడేళ్ళుగా ఆవిడ అతనికి తెలుసు. ఎదురుపడితే నమస్కారం, పండక్కి పిలిస్తే భోజనం, అంతవరకే. ఉత్త గొంతు ఎన్నిసార్లు విన్నా గుర్తుపట్టలేని మనిషి, మైకులోంచి వచ్చేసరికి పట్టేశాడు. “చెవులు ఇటు పడెయ్యండి నాన్నా!” అని ఆవిడ అనడమేమిటి, ఇతని ఎడమ మోకాలు ఇరవై రెండేళ్ళ కిందటిలా సలపడమేమిటి!

ఆ కథ కొత్తగా వచ్చినవాళ్ళకీ తెలియాలి. రెండు వేల మూడు ఫిబ్రవరి. నరసింహ అప్పుడు ఇరవై నాలుగేళ్ళ వాడు, ఉత్తర ఇంగ్లండులో ఒక మిల్లుల ఊళ్ళో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద కారు జారి గోడని గుద్దింది. నడిపింది కరీంనగర్ నుంచి తనతోపాటే వచ్చిన స్నేహితుడు వంశీధర్ అని పోలీసులు చెప్పారు. నరసింహకి ఆ సాయంత్రం ఒక్క ముక్క గుర్తు లేదు. వంశీకి నుదుటి మీద నాలుగు కుట్లు. ఇతనికి తుంటి, ఎడమ కాలు ముక్కలు. ఏడు వారాలు కదలకుండా పడుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ తట్టుకోలేదని, పరీక్షల హడావుడిలో ఉన్నానని అబద్ధమాడాడు.

ఆ ఏడు వారాలూ అతన్ని మనిషిగా నిలబెట్టింది ఒక గొంతు. ఆ ఆస్పత్రికి సొంత రేడియో ఉండేది. బయట ఊరికి వినిపించదు. సెల్లారు గదిలో కూర్చుని వాలంటీర్లు నడిపేవారు, రోగులు కోరిన పాటలు వేసేవారు. మంచం పక్కన గోడకి వేలాడే ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుంటే వినిపించేది. రోజూ రాత్రి ఎనిమిదికి అందులో ఒకావిడ ‘చెవులు ఇటు పడెయ్యండి నాన్నా’ అని మొదలుపెట్టి పది నిమిషాలు తెలుగు మాట్లాడేది. “ఏడో వార్డులో కిటికీ పక్కనున్న మా అబ్బాయికి ఈ పాట” అనేది. రేపు ఫిజియో వాళ్ళు కాలు వంచుతారు, పళ్ళు బిగించుకో నాన్నా, అనేది. డిశ్చార్జి అయిన రోజు చక్రాల కుర్చీలో సెల్లారు దాకా వెళ్ళాడు, దణ్ణం పెట్టి రావాలని. గది తాళం వేసి ఉంది. ఆ దణ్ణం అలాగే మిగిలిపోయింది.

బార్బెక్యూలోనే ఆ విషయం చెబితే శ్యామసుందరి ఆంటీ ఆశ్చర్యపోలేదు, మురిసిపోలేదు. “రేపు పొద్దున్న ఆరింటికి మా ఇంటికి రా. ఆలస్యం చేస్తే వచ్చీ ఉపయోగం ఉండదు” అని మళ్ళీ టాంబోలాలో పడిపోయింది.

అలా సోమవారం పొద్దున్న ఆరు కావడానికి పది నిమిషాల ముందు నరసింహ ఆవిడ వాకిట్లో కారు ఆపాడు. కొండ అంచున పొగమంచు ఇంకా విడలేదు. చేతిలో సంచీ బరువుగా ఉంది. పెళ్ళాం స్పందన రాత్రే సర్దిపెట్టింది. తను కట్టకుండా దాచుకున్న కంచి పట్టుచీర, ఐదు రకాల పళ్ళు, పసుపు కుంకుమ, అన్నిటికన్నా పైన ఒక శాలువా. మనవాళ్ళకి కృతజ్ఞత పొంగిందంటే శాలువా ఉండి తీరాలి మరి! కూతురు సాహిత్య మాత్రం ఇదంతా చూసి, “డాడ్, రేడియో అసలు ఎవరు వింటారు? సీరియస్లీ?” అంది.

తలుపు తీసిన శ్యామసుందరి ఆంటీకి అరవై ఆరేళ్ళు. నైటీ మీద చున్నీ, చేతిలో కాఫీ గరిటె. భర్త డాక్టర్ యోగానంద్ గారు వాకింగుకి వెళ్ళారు. వంటింటి గట్టు మీద పంచదార డబ్బాకి ఆనించి ఒక ట్యాబ్లెట్టు, పక్కన చిన్న స్పీకరు. దానిలోంచి ఏదో ఇంగ్లీషు పాట సన్నగా వస్తోంది.

“వచ్చేశావా? ఇంకా ఎనిమిది నిమిషాలుందిలే. ఆ సంచీ ఏవిటి నాన్నా, మార్కెట్టుకి వెళ్ళొచ్చావా?”

“స్పందన పంపింది ఆంటీ. మీరు వద్దనొద్దు. నేను మాటల మనిషిని కాదు, గందుకే ముందు ఇది కానియ్యండి.” నరసింహ శాలువా విప్పాడు. “ఇరవై రెండేండ్ల నుంచి అనుకుంటున్న. మీరు లేకుంటే ఆ బెడ్ మీద నేను పిచ్చోణ్ణయితుంటి.”

శాలువా భుజం మీద పడబోతుంటే ఆవిడ గరిటె అడ్డం పెట్టేసింది. నిజంగానే గరిటె. శాలువా అంచుకి కాఫీ మరక అంటుకుంది.

“ఆగు. ఇది నాది కాదు.”

“మీదే ఆంటీ. గట్లంటరేంది?”

“కప్పించుకున్నాక నిజం చెబితే తీసి మడత పెట్టివ్వాలి. ఆ సిగ్గు నాకెందుకు? ముందు కూర్చో.”

ఆవిడ పడకగదిలోకి వెళ్ళి ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే లోపల అరచేయంత కాగితాలు, రబ్బరుబ్యాండు వేసిన కట్ట. ఒక్కోదాని మీద ఇంగ్లీషులో నాలుగు గళ్ళు అచ్చువేసి ఉన్నాయి. వార్డు, మంచం, పాట, ఎవరి నుంచి.

“పాట కావాలంటే ఇది నింపాలి. అదీ మా పద్ధతి. మేం సాయంత్రం వార్డులన్నీ తిరిగి రాయించుకొచ్చేవాళ్ళం. బయటివాళ్ళెవరైనా తమవాళ్ళకి పాట వేయించాలంటే సెల్లారు తలుపు దగ్గరికి వచ్చి ఇచ్చేవారు. ఇవి నీవి. చదువుకో.”

నరసింహ మొదటిది తీశాడు. వార్డు ఏడు. మంచం, కిటికీ పక్కది. పాట పేరు. వెనక్కి తిప్పితే తెలుగులో మూడు వాక్యాలు. ‘రేపు వాడికి ఫిజియో ఉంది. చాలా నొప్పి అని సిస్టర్ చెప్పింది. పళ్ళు బిగించుకోమని చెప్పండి ఆంటీ.’ రెండోది తీశాడు. ‘ఇవాళ ఆదివారం. వానికి దోశ తినాలనిపిస్తది. ఏదన్న నవ్వించే పాట పెట్టండి.’ మూడోది, నాలుగోది. అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి, ఎడమచేతి వాటం రాత. ఇంజినీరింగు నాలుగేళ్ళూ ఆ రాతలోని నోట్సు చదివే అతను పాసయ్యాడు. పొరబడే ప్రశ్నే లేదు.

‘ఎవరి నుంచి’ అన్న గడి మాత్రం ప్రతి చీటీలోనూ ఖాళీ.

“వంశీగాడా?” అన్నాడు నరసింహ.

“వంశీయే.”

“లేదాంటీ. వాడు ఒక్కసారి గూడ రాలే. ఏడు వారాలు! నన్ను గట్ల పండబెట్టి ఒక్కసారి ముఖం చూపియ్యలే. ఇన్నేండ్లు మా ఇంట్ల వాని పేరు ఎత్తనియ్యలే నేను.”

“ఏడో వార్డు తలుపు దాకా వచ్చాడు. రెండో రోజే వచ్చాడు. వాణ్ణి లోపలికి రానివ్వొద్దని సిస్టరుకి చెప్పిందెవరు?”

నరసింహ చేతిలోని చీటీ కింద పెట్టాడు. చెప్పింది తనే. మత్తు దిగగానే, పోలీసులు వచ్చి వెళ్ళగానే, మొట్టమొదట చెప్పిన మాట అదే. ఆ తర్వాత ఆ మాట సంగతి మరిచిపోయాడు, వాడు రాలేదన్నది మాత్రం గుర్తుంచుకున్నాడు. మనసుకి ఏది కావాలో అదే దాచుకుంటుంది, ఎంత సులువో చూడండి.

ఆంటీ కాఫీ గ్లాసు అతని ముందుకు జరిపింది. “ఏడున్నరకి సెల్లారు మెట్లు దిగేవాడు. తలకి కట్టు, తడిసిన కోటు. మొదటి రోజు పేరు రాయి బాబూ, పేరు లేకపోతే చదవం అన్నాను. రాస్తే వాడు ఇయర్‌ఫోన్లు తీసి పడేస్తాడాంటీ, అన్నాడు. ఏం చెయ్యను? ‘మనవాళ్ళ నుంచి’ అని చదివేదాన్ని. సిస్టర్ని అడిగి నీ సంగతులన్నీ కనుక్కొచ్చేవాడు. పాటల సీడీలు కూడా వాడివే. నేను మైకు దగ్గర కూర్చుని చదివానంతే నాన్నా. నీకు నొప్పిగా ఉంటుందని నాకేం తెలుసు? నీ మొహం కూడా నేను చూడలేదు.”

నరసింహ చీటీలు లెక్కపెట్టకుండా ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. ‘ఇవాళ వాని బర్త్‌డే. ఎవరికీ చెప్పి ఉండడు.’ ఆ రాత్రి సంగతి అతనికి బాగా గుర్తు. పుట్టినరోజని ఆవిడకెలా తెలిసిందా అని తెల్లవారేదాకా ఆలోచించి, దేవుడే చెప్పించాడని తేల్చుకున్నాడు. కళ్ళు నిండిపోయాయి. ఏడుపు వచ్చిందా అంటే వచ్చింది, బాగానే వచ్చింది. ఇంత ప్రేమ తనకి అందిందని, అందించినవాడిని తిట్టుకుంటూ బతికానని ఒకేసారి తెలిస్తే ఎవరికి రాదు?

“వాడిప్పుడు ఎక్కడున్నడు ఆంటీ?”

శ్యామసుందరి గడియారం చూసి స్పీకరు శబ్దం పెంచింది. “ఇదిగో.”

ఇంగ్లీషు పాట ఆగింది. ఒక మగ గొంతు పలికింది. మొదట ఆ ఊరి యాసలో ఇంగ్లీషు, ‘లవ్’ అనీ ‘డక్’ అనీ అందరినీ ముద్దుగా పిలిచే యాస. తర్వాత ఉన్నట్టుండి కరీంనగర్ తెలుగు.

“నమస్తే. మీ ఆస్పత్రి రేడియో నుంచి వంశీధర్‌ను. ఇయ్యాల మన ఆఖరి ప్రోగ్రాం. ఒక గంట మీతోని ఉండి, తొమ్మిదికి తాళం వేసి ఇంటికి పోత.”

అక్కడ ఆదివారం రాత్రి ఎనిమిది. ఇక్కడ సోమవారం పొద్దున్న ఆరు. నరసింహ స్పీకరుకేసి అలా చూస్తూ ఉండిపోయాడు, మనిషి అందులోంచి బయటికి వస్తాడేమో అన్నట్టు.

“మేం ఇక్కడికి వచ్చేటప్పుడు మైకు వాడి చేతికిచ్చి వచ్చాను. పదహారేళ్ళు” అంది ఆంటీ. “ఆ కేసు గొడవలో చదువు మధ్యలో పోయింది కదా, ఎలాగో వీసా నిలబెట్టుకుని ఆ ఆస్పత్రిలోనే స్ట్రెచర్లు తోసే పనిలో చేరాడు. ఇప్పుడు ఆ పనివాళ్ళందరికీ పెద్ద. డ్యూటీ అయ్యాక కిందకి దిగి రేడియో.”

“మరి ఎందుకు మూసేస్తున్నరు?”

“వినేవాళ్ళేరి? మంచం పక్క ఇయర్‌ఫోన్లు పీకేసి డబ్బులు కట్టి చూసే టీవీలు పెట్టారు. తర్వాత వైఫై వచ్చింది, ఎవరి ఫోను వాళ్ళది. ఆ ఊళ్ళో పెద్ద స్టేషన్ల సంగతి మాత్రం ఏముంది? పొద్దున్నే మన వీధి పేరు చెప్పి పలకరించే ఊరి రేడియోని లండనులో కూర్చుని నడుపుతున్నారుట. మీడియం వేవు పెట్టెలు అటకెక్కాయి. సెల్లారు గది ఆస్పత్రికి సామాన్లు పెట్టుకోడానికి కావాలిట. తప్పని ఎలా అంటాం, మంచాలు ఎక్కువయ్యాయి.” ఆవిడ నిట్టూర్చి మళ్ళీ నవ్వింది. “తమాషా ఏవిటంటే, ఇంటర్నెట్టులో పెట్టాక వార్డుల్లో వినేవాళ్ళు తగ్గి, డిశ్చార్జి అయి వెళ్ళినవాళ్ళు వినడం మొదలుపెట్టారు. కేరళ వెళ్ళిపోయిన నర్సులు, దుబాయిలో డాక్టర్లు, నాలాంటి ముసలమ్మలు. నా సోమవారాలన్నీ వీడి గొంతుతోనే తెల్లారాయి. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక్క మనిషి తెలియదు నాకు. వీడు లేకపోతే ఏమైపోదునో. నీ ఋణమే కాదు నాన్నా, నా ఋణం కూడా వాడి దగ్గరే ఉంది.”

“నేనిక్కడున్నట్టు వానికి తెలుసా?”

“నాకే నిన్నటిదాకా తెలియదు, ఆ కిటికీ పక్క కుర్రాడివి నువ్వేనని. చీటీలో పేరుండేది కాదుగా. వాడు నిన్ను ‘మావాడు’ అనేవాడు, అంతే.”

స్పీకరులో పాట మొదలైంది. పాట ఉన్నంతసేపూ మైకు ఆగి ఉంటుంది, స్టూడియో ఫోను ఎత్తుతారు. ఆ సంగతి ఆవిడకి తెలియనిదా? ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. నరసింహ వద్దని చెయ్యి ఎత్తేలోపు అవతల ఎత్తేశారు.

“ఆస్పత్రి రేడియో. విచ్ వార్డ్, లవ్?”

నరసింహ నోరు తెరిచాడు. ఆంటీ అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

“ఒరేయ్ వంశీ. నేనురా. నరసింహను.”

అవతల కుర్చీ చప్పుడొకటి వినిపించింది.

“ఏ నరసింహ?” అన్నాడు వంశీ. అడగాలని అడిగాడు కానీ, గుర్తుపట్టాడని గొంతులోనే తెలిసిపోతోంది.

“మన నరసింహనేరా. శ్యామసుందరి ఆంటీ ఇంట్ల ఉన్న. చీటీలు సూశిన. అన్ని సూశిన.”

“ఓర్నీ!” అన్నాడు వంశీ. “అవి ఇంకా దాచిందా ఆంటీ? కాలెట్లుందిరా? నడుస్తున్నవా మంచిగ?”

ఇరవై రెండేళ్ళ తర్వాత తన గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. నరసింహ పైకే ఏడ్చాడు. ఏడుస్తూనే మాట్లాడాడు. ఒక్కటీ మిగల్చకుండా చెప్పాడు. ఆ పది నిమిషాల కోసం పొద్దున్నించీ ఎదురుచూసేవాణ్ణని, పుట్టినరోజు నాటి పాట విన్నాకే బతకాలనిపించిందని, ఇవాళ పెళ్ళాం, పిల్ల, ఉద్యోగం, రెండు కాళ్ళ మీద నడక, అన్నీ ఆ పాటల మీద నిలబడినవేనని. “థాంక్స్‌రా” అన్నాడు. ఆ చిన్న మాట చాలదని మళ్ళీ అన్నాడు. తర్వాత గుండెలోంచి ఇంకో మాట వచ్చింది. పెద్ద మనసుతోనే అన్నాడు, అందులో అనుమానం లేదు.

“ఆ యాక్సిడెంట్ సంగతి మరిచిపోరా. నువ్వు గుద్దినవని ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్న. ఇయ్యాల తీసి పడేసిన. నిన్ను మాఫ్ చేసిన వంశీ. నిజంగ.”

పాట చివరి చరణంలోకి వచ్చింది. శ్యామసుందరి చేతిలోని గరిటె గట్టు మీద పెట్టేసింది.

“థాంక్స్‌రా” అన్నాడు వంశీ. ఆ గొంతులో వెలితి లేదు. పూర్తి సంతోషమే ఉంది. “ఈ ఒక్క మాట చాలు నాకు. ఆఖరి రోజు వచ్చింది సూడు! పాట అయిపోతుందిరా, మైకు ఎత్తాలె. తొమ్మిదికి తాళం వేసినంక చేస్త. ఈ నంబర్‌కే. ఫోన్ దగ్గరనే ఉండు.”

ఫోను ఆగింది. స్పీకరులో వాడి గొంతు మళ్ళీ వచ్చింది, రెండో వార్డులో ఎవరో ముసలాయనకి ఆయన మనవరాలు పంపిన పాట గురించి చెబుతోంది. మామూలుగానే చెబుతోంది, కాస్త ఆగి ఆగి.

నరసింహ మొహం తుడుచుకుని తిరిగాడు. ఇంత తేలికగా ఊపిరి పీల్చి ఎన్నేళ్ళయిందో! “ఆంటీ, మీకు ఏమిచ్చినా తక్కువే. వాణ్ణి ఇక్కడికి పిలిపిస్త. ఈ శాలువా వానికే కప్పుత” అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. స్పీకరు శబ్దం పూర్తిగా తగ్గించింది, పదహారేళ్ళుగా వింటున్న మనిషి, అదీ ఆఖరి ప్రోగ్రాంలో! ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“స్టూడియోలో మైకు ఆపాక చెప్పుకున్నవి మెట్లెక్కి పైకి రాకూడదని మాకొక మాట ఉండేది. వాడు నాకు చెప్పింది అలా చెప్పిందే. చచ్చేదాకా దాస్తానని ఒట్టు కూడా వేశాను. ఇప్పుడు నువ్వు వాణ్ణి క్షమించడం, వాడు చేతులు చాపి పుచ్చుకోవడం చెవులారా విన్నాక ఇంక నావల్ల కాదు.”

“ఏందాంటీ?”

“పోలీసులు వచ్చినప్పుడు నువ్వు తెలివిలో లేవు. నీ లైసెన్సు గడువు తీరిపోయి నెలయిందని వాడికి తెలుసు. కేసైతే నీ చదువు, వీసా రెండూ పోతాయని తెలుసు. ఒక్క నిమిషంలో నిర్ణయించుకున్నానాంటీ అన్నాడు.” ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుంది. “ఆ సాయంత్రం కారు నడిపింది వంశీ కాదు నాన్నా.”

మరి ఎవరని అడగబోయాడు నరసింహ. కారులో ఉన్నది తామిద్దరే కదా అన్నది అప్పుడు తట్టింది.